వెనక చక్రం ఒక్కటే

కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టడం అతని ఉద్యోగం. పొద్దున్నే రెండు గంటలు సైకిలు తొక్కడం అలవాటు. ఈ రెండూ పోగా మిగిలిన టైమంతా పాత సైకిలు సామాను ఎక్కడ చవగ్గా దొరుకుతుందా అని వెతకడంలోనే గడిచిపోయేది. తోటి సైకిలువాళ్ళు, వరస ఉన్నా లేకపోయినా, అతన్ని బేరం బావ అనేవాళ్ళు. పిలవగా పిలవగా ఆ పేరే ఖాయమైంది.

బావ వెతికేది తుక్కు కాదు. పాతికేళ్ళ కిందట పందేలు తొక్కేవాళ్ళు కడుపు కట్టుకుని కొనుక్కున్న చక్రాలు, చక్రాల నడుమ అద్దంలా మెరిసే హబ్బులు, చేతిలో పెడితే బరువే తెలియని బ్రేకులు. ఇప్పుడు వాటిని అడిగే నాథుడు లేడు. కొత్త సైకిళ్ళకి డిస్కు బ్రేకులొచ్చాయి, టైర్లు లావెక్కాయి, వెనక పళ్ళచక్రాలు ఏడు కాస్తా పన్నెండయ్యాయి. పాత చక్రం ఏ కొత్త సైకిలుకీ పట్టదు. దాంట్లో లోపమేమీ లేదు, రోజులు దాన్ని దాటిపోయాయంతే. అలాంటిది కనిపిస్తే బావకి కాలు నిలిచేది కాదు.

బావ భార్య బళ్ళో లెక్కల టీచరు. "మా ఇంట్లో సైకిలు ఒకటి, చక్రాలు పద్దెనిమిది. ఏ సూత్రం వేసినా తేలడం లేదు," అని తోటి టీచర్లకి చెప్పి నవ్వించేది. నవ్వు నవ్వే గాని, వెనక గది అతనికి వదిలేసి తన పుస్తకాలు వంటింటి అలమరలో సర్దుకున్నది కూడా ఆవిడే.

ఒకరోజు మధ్యాహ్నం షాపులో జనం లేని వేళ బావ ఫోనులో పాతసామాను ప్రకటనలు తిరగేస్తున్నాడు. ఒకటి కంటబడింది. "వెనక చక్రం ఒక్కటే. ముందుది లేదు. వచ్చి తీసుకెళ్ళాలి." ఫొటో మసకగా ఉంది. కుట్టుమిషను పక్కన ఇనప స్టాండు మీద చక్రం. మసకలోనే బావకి రెండు సంగతులు కనిపించాయి. హబ్బు నడుమ నూనె పోసే చిన్న రంధ్రం, దానిమీద స్ప్రింగు మూత. స్పోకులు ఒకదాన్నొకటి దాటే ప్రతిచోటా సన్నటి తీగ చుట్టి టంకం పెట్టిన పనితనం. రెండూ ఖరీదైన పందెం చక్రాలకే ఉండేవి. అడిగిన ధర చూసి ఒక సున్నా తప్పిపోయిందేమో అనుకున్నాడు.

రెండు గంటలు బస్సులో కూర్చుని వెళ్ళాడు. సందు చివర చిన్న ఇల్లు. ముందుగదిలో కుట్టుమిషను, హ్యాంగర్లకి వేలాడే చొక్కాలు, నేలమీద సుద్దముక్కలు, కత్తిరించిన గుడ్డపేలికలు. మెడలో టేపు వేసుకున్న అరవై ఏళ్ళావిడ నోట్లో గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసి, "చూసుకోండి బాబూ," అంది.

బావ వంగి చూశాడు. కంటితోనే తెలిసిపోయింది, వెంట్రుకవాసి వంకర లేదు. మామూలుగా అతను ఇలాంటప్పుడు పెదవి విరిచి, రిమ్ము మీద లేని గీతని వేలితో తడిమి, తల అడ్డంగా ఊపి అప్పుడు బేరం మొదలుపెడతాడు. ఆ ధర దగ్గర అదేదీ చెయ్యబుద్ధి కాలేదు.

"ముందు చక్రం ఏమైందమ్మా? రెండూ ఉంటే ఇంకా బాగుండేది."

"అది మావారి దగ్గరుంది."

మొగుడూ పెళ్ళాలు విడిపోయి సామాను చెరోటీ పంచుకున్నారు కాబోలనుకుని బావ ఇంకేం అడగలేదు. ఆవిడే స్టాండు కూడా చూపించి, "ఇది కూడా తీసుకెళ్ళండి. ఇది లేకపోతే అది కుదురుగా ఉండదు," అంది. కాగితాలు చుట్టి ఇస్తూ మరో మాట చెప్పింది.

"తిరుగుతుంటే చేత్తో పట్టుకుని ఆపకండి."

"అలాగేనమ్మా," అన్నాడు బావ. వస్తువు మీద మమకారం అనుకున్నాడు.

ఇంటికి తెచ్చి వెనక గదిలో స్టాండు మీద పెట్టాడు. మూడో రోజు పొద్దున అతను సైకిలు తొక్కి వచ్చి బూట్లు విప్పుతుంటే భార్య గుమ్మంలో నిలబడి, "మీ చక్రం తిరుగుతోంది," అంది.

"గాలికి."

"కిటికీ మూసే ఉంది."

"పక్క వీధిలో లారీ పోయుంటుంది. అదురుకి."

"మీరు వెళ్ళినప్పటి నుంచీ తిరుగుతూనే ఉంది. నిన్న కూడా తిరిగింది. మొన్న కూడా. చెప్తే నవ్వుతారని ఊరుకున్నాను."

అతను వెళ్ళి చూసేసరికి చక్రం కదలకుండా ఉంది. మర్నాడు సైకిలు తియ్యలేదు. ఇద్దరూ టీ గ్లాసులు పట్టుకుని వెనక గదిలో చెరో స్టూలు మీద కూర్చున్నారు. ఆరుంపావుకి చక్రం కదిలింది. మొదట బరువుగా, ఆ తరవాత వేగం పుంజుకుని ఒక తీరున తిరగసాగింది. బావ తలుపు మూశాడు, ఫ్యాను కట్టేశాడు, స్టాండు కింద చెయ్యిపెట్టి నేల అదురుతోందేమో చూశాడు. ఏమీ లేదు.

మామూలుగా చక్రాన్ని చేత్తో తిప్పితే పక్కనుండే పళ్ళగుత్తి కూడా దాంతోపాటే తిరుగుతుంది, దాన్ని పట్టి ఆపేదేమీ ఉండదు. సైకిలు మీదైతే, మనిషి తొక్కడం మానేసి పల్లంలో జారేటప్పుడు గొలుసు ఆ గుత్తిని కదలనివ్వదు. చక్రం ఒక్కటే తిరుగుతుంది. అప్పుడే ఆ టిక్కుటిక్కు చప్పుడు వస్తుంది. ఈ స్టాండు మీద గొలుసు లేదు. అయినా వాళ్ళు చూస్తుండగానే పళ్ళగుత్తి ఆగిపోయింది. చక్రం ఇంకా వేగమందుకుంది. టిక్కుటిక్కు చిక్కబడి జోరీగ మోతలా గది నిండిపోయింది. నాలుగు నిమిషాల తరవాత గుత్తి మళ్ళీ కదిలింది, చప్పుడు పోయింది.

"పల్లం అయిపోయింది," అన్నాడు బావ తనకి తెలియకుండానే.

"ఏ పల్లం?" అంది భార్య.

అతని చేతిలో టీ అప్పటికే చల్లారిపోయింది. గాలి చక్రాన్ని తిప్పగలదేమో గాని, పల్లం వచ్చిందని తొక్కడం మానదు. ఆ మాట పైకి అనలేదు. అనకుండానే ఆవిడకి అర్థమైంది.

తొమ్మిదింటికి కాస్త ముందు చక్రం నిదానించి ఆగింది. ఆవిడ బడికి, అతను షాపుకి వెళ్ళారు. ఆ రోజు బావ ఒకాయన కుడి కంటి అద్దం ఎడమ వైపు కూర్చోబెట్టి మాట పడ్డాడు.

సాయంత్రం డ్రాయరు వెతికి పాత స్పీడోమీటరు ఒకటి తీశాడు. స్పోకుకి అయస్కాంతం బిగించి, స్టాండుకి డబ్బీ కట్టాడు. మర్నాటి నుంచి లెక్కల టీచరు గళ్ళకాగితం ముందు పెట్టుకుని, పిల్లల పేపర్లు దిద్దే ఎర్రపెన్నుతో నిమిషానికొక చుక్క పెట్టేది. చివరికి చుక్కలు కలిపితే గీత వచ్చేది. ఆవిడకది గీత. బావకి అది రోడ్డు.

"ఇక్కడ చూడు, ఇరవై రెండు నిమిషాలు పదికి మించలేదు. ఎక్కుడు. ఇక్కడ యాభై దాటింది, దిగుతున్నాడు. ఈ గంటంతా ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. నదిగట్టో సముద్రం ఒడ్డో. మలుపన్నది లేదు."

"దిగుతున్నాడు అంటున్నారు. ఎవరు?"

"అనడానికి ఏదో ఒకటి అనాలిగా."

మొదటి వారం భయం వెయ్యలేదంటే నమ్మడం కష్టం గాని, నిజంగానే వెయ్యలేదు. ఇంట్లో ఒక చుట్టం వెనక గదిలో దిగినట్టుండేది. ఆ మూడు గంటలూ ఇద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. చక్రం రెండు రోజులు కదలకపోతే ఆవిడ, "ఒంట్లో బాగాలేదేమో," అంది. ఆ మాటకి తనే ఉలిక్కిపడి వంటింట్లోకి వెళ్ళిపోయింది. టైరు మీద సన్నటి దుమ్ము పేరుకునేది. ఒకరోజు నల్లగా, ఒకరోజు ఎర్రగా. ఇంట్లోకి దుమ్ము ఎక్కణ్ణుంచి వస్తోందా అని విసుక్కుంటూ బావ తుడిచేవాడు.

ఏ రెండు గీతలూ ఒకలా ఉండేవి కావు. అంటే తిరిగిన దారినే తిరగడం లేదు. ఎక్కణ్ణుంచో ఎక్కడికో ఒకటే ప్రయాణం. ఏ రోజు ఎక్కడ ఆగితే మర్నాడు అక్కడినుంచే.

అలా నెల గడిచాక ఒక శుక్రవారం, చుక్కలు కలపకముందే బావ స్టూలు మీంచి లేచాడు. వేగం మూడుసార్లు దగ్గరదగ్గరగా పడి లేచింది. ఆ తరవాత పదకొండు నిమిషాలు ఒకే తీరు, ఆపైన పూర్తిగా ఆగి ఆరు నిమిషాల నిరీక్షణ.

"ఏమైంది?"

"బడి ముందు మూడు స్పీడుబ్రేకర్లు. తరవాత సిమెంటు ఫ్యాక్టరీ గోడ పొడుగునా తిన్నటి రోడ్డు. రైల్వేగేటు. ఎనిమిదిన్నర గూడ్సు." బావ చుక్కల మీద వేలు పెట్టాడు. "ఈ దారి నేను తొక్కుతాను. ప్రతి ఆదివారం, పూటంతా."

ఆవిడ పెన్ను మూతపెట్టి, పెట్టిన చుక్కలన్నీ మొదటి కాగితం నుంచి ఒకసారి చూసుకుంది.

"అంటే ఇటే వస్తున్నాడు," అంది.

ఆ రోడ్డు మీద తరవాత వచ్చేది పంటినొప్పి. అది సైకిలువాళ్ళు ఒక ఎక్కుడుకి పెట్టుకున్న పేరు. మొదట సలుపు, మధ్యలో కాస్త ఉపశమనం, చివర్న ప్రాణం తోడేస్తుంది. మర్నాడు పొద్దున్నే బావ మొదటి బస్సులో ఆ ఎక్కుడు పైకొచ్చి రాయి మీద కూర్చున్నాడు. ఎండ అప్పుడే పడుతోంది. రెండు పక్కలా కంప, కింద మలుపులు మలుపులుగా ఖాళీ రోడ్డు. చెవి దగ్గర ఫోను. అవతల ఇంట్లో భార్య స్పీడోమీటరు చదువుతోంది.

"పన్నెండు. పదకొండు. తొమ్మిది."

"మొదలైంది," అన్నాడు బావ.

"తొమ్మిది. తొమ్మిది. పదమూడు, పద్నాలుగు."

"మధ్యలో చదును."

"తొమ్మిది. ఎనిమిది. ఏడు. ఏడండీ. చాలా కష్టంగా తిరుగుతోంది."

చివరి మలుపులో మేకలమంద రోడ్డుకి అడ్డంగా పైకి వస్తోంది. వెనక కాపరి తువ్వాలు నెత్తిన వేసుకుని ఏదో కూనిరాగం తీస్తున్నాడు. మంద తోకవైపు మేకలు మొదట పక్కకి జరిగాయి. ఆ తరవాత వాటి ముందువి. తొందర లేకుండా, వెనకనుంచి బండి వస్తే తప్పుకున్నట్టు, మంద పొడుగునా నడుమ సన్నటి దారి తెరుచుకుంటూ వచ్చింది. దాంట్లో ఎవరూ లేరు. దారి మంద మొదటిదాకా వచ్చింది, దాని వెనకే మేకలు మళ్ళీ కలిసిపోయాయి. కాపరి రాగం ఆపలేదు.

"ఆరు," అంది భార్య. "నాలుగు. ఆగింది."

బావ కదల్లేదు. అతనికి రెండు గజాల్లో రిమ్ముకి టైరు అంటించే జిగురు వాసన ఘాటుగా వచ్చింది. ఇంకేదీ లేదు, ఊపిరి చప్పుడు కూడా. ఎక్కుడు ఎక్కి వచ్చినవాడు ఎవడైనా రొప్పుతాడు.

"సున్నా మీదే ఉంది. వింటున్నారా? మీ దగ్గరున్నాడా?"

ఒక నిమిషం గడిచింది. అంతలో భార్య గొంతు, "కదిలింది," అంది. అదే క్షణాన టిక్కుటిక్కుమంటూ చప్పుడు అతని మోకాళ్ళ పక్కనుంచి సాగి, పల్లంలోకి, ఊరివైపుకి జారిపోయింది.

ఇంటికెళ్ళకుండా తిన్నగా బస్సెక్కి కుట్టుమిషనావిడ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ మిషను మీద నుంచి తలెత్తి అతని ముఖం చూసి, పాదం తీసేసింది.

"తిరుగుతోందా?"

"ముందే తెలుసు కదమ్మా మీకు."

"కూర్చోండి," అంది. మంచినీళ్ళిచ్చి తనూ కూర్చుంది.

పదకొండేళ్ళ కిందట ఒక సాయంత్రం ఆవిడ భర్త ఆ వెనక చక్రానికి కొత్త టైరు అంటించాడు. జిగురు పట్టాలంటే ఒకరోజు ఆరాలి. పొద్దున్నే ఊరుకోలేక, వెనక ఒక మామూలు చక్రం తగిలించుకుని, అరగంటలో వస్తానని వెళ్ళాడు. పోలీసులు వెతికారు, చుట్టాలు వెతికారు, చెరువుల్లో వలలు కూడా వేశారు. మనిషి లేడు, సైకిలు లేదు.

"ఆ మర్నాటి నుంచే ఇది తిరగడం మొదలెట్టింది," అందావిడ. "ఎవరికీ చెప్పలేదు. తిరుగుతున్నంతకాలం ఎక్కడో ఒకచోట ఉన్నాడు కదా అనుకునేదాన్ని. ఆ చప్పుడు వింటూ కుట్టుకునేదాన్ని. టైరు మీద దుమ్ము పడేది. సముద్రం ఇసక, నల్లమట్టి, సున్నం. ఎంతెంత దూరాలు పోతున్నాడో అనుకునేదాన్ని. ఈ ఏడాది ఎర్రమట్టి పడింది బాబూ. మన వైపు మట్టి."

"మరి సంతోషించాల్సింది కదమ్మా. అమ్మేశారెందుకు?"

ఆవిడ మెడలోని టేపు తీసి వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"బయల్దేరినాయన ఎవరో నాకు తెలుసు. అన్నం తినకుండా, ఒకచోట పడుకోకుండా, పదకొండేళ్ళు తొక్కినవాడు ఎవరో నాకు తెలియదు. చక్రం కోసం వస్తున్నాడా, నాకోసం వస్తున్నాడా, అదీ తెలియదు. చక్రం ఇంట్లో లేకపోతే దారి తప్పుతాడనుకున్నాను. మీ ఇంటికొస్తాడని తోచలేదు. నిజం చెప్పాలంటే, అలా తోచకుండా చూసుకున్నాను. తప్పే."

బావకి కోపం రావాల్సింది. రాలేదు. నీళ్ళ గ్లాసు కింద పెట్టి వచ్చేశాడు.

రాత్రి సంగతంతా విని భార్య, "విప్పెయ్యండి," అంది. "స్పోకులన్నీ విప్పేస్తే ఇంక అది చక్రం కాదు. ముప్ఫై రెండు పుల్లలు, ఒక వలయం, ఒక ఇరుసు. దేనికోసం వస్తాడు?"

అందులో తర్కం ఉంది. ఆదివారం పొద్దున బావ స్పోకులు విప్పే తాళం తీసుకుని స్టాండు ముందు కూర్చున్నాడు. చక్రం అప్పటికే తిరుగుతోంది, నింపాదిగా. ఆపకుండా విప్పడం కుదరదు, ఆపాలంటే చేత్తో పట్టుకోవాలి. చెయ్యి చాపాడు. చక్రం ప్రతి తోపుకీ కాస్త ముందుకురికి వెంటనే బరువెక్కుతోంది. ఆ లయ అతనికి బాగా తెలుసు. తొడలు మండిపోతూ, ఇంకో పది తొక్కుళ్ళు, ఇంకో పది, అని లెక్కపెట్టుకునేవాడి లయ అది. వేళ్ళు రిమ్ముకి అంగుళం దూరంలో ఆగిపోయాయి.

"ఏం?" అంది భార్య.

"ఎక్కుడు మీదున్నాడు."

"అయితే?"

"ఎక్కుడు మీదున్నవాణ్ణి పడెయ్యలేనే. నావల్ల కాదు."

ఆవిడ లేచి ఫోను తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. "ఆవిడకి చెయ్యండి. వచ్చి వినమనండి. ఆ తరవాత ఆవిడిష్టం. నా లెక్క ప్రకారం ఇవాళ మన సందు దాకా రాడు. రేపు వస్తాడు."

కుట్టుమిషనావిడ ఎనిమిది దాటాక వచ్చింది. చేతిసంచీ పక్కన పెట్టి, ఇచ్చిన టీ ముట్టకుండా, స్టాండుకి దగ్గరగా స్టూలు జరుపుకుని కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఆవిడ చెంపలు తడిశాయి గాని గొంతు మామూలుగానే ఉంది.

"బాగా అలిసిపోయాడు," అంది. "ఇలా తొక్కేవాడు కాదు."

తొమ్మిదింటికి చక్రం ఆగింది. ఆవిడ లేచి, "పాత కాగితాలుంటే ఇవ్వమ్మా," అని టీచర్ని అడిగింది. ఇద్దరాడవాళ్ళూ కలిసి చక్రాన్ని చుట్టారు. బావ స్టాండు మోసుకుని బస్సులో ఆవిడ పక్కన కూర్చున్నాడు. రెండు గంటలూ ఆవిడ చక్రాన్ని ఒళ్ళో నిలబెట్టి పట్టుకునే ఉంది. వాళ్ళ సందు మొదట్లో దిగాక, "ఇక్కణ్ణుంచి నేను తీసుకెళ్తాను. మీరు లోపలికి రాకండి," అంది.

వారం రోజులు ఫోను చేస్తే ఎత్తలేదు. ఇంటి వెనక గది నిశ్శబ్దంగా ఉండి, ఇద్దరికీ పొద్దున్నే ఏం చెయ్యాలో తోచేది కాదు. ఆదివారం బావ వెళ్ళాడు.

తలుపు బార్లా తీసి ఉంది. కిటికీ కింద గోడకి సైకిలు ఆనించి ఉంది. వెనక ఆ చక్రమే, తళతళలాడుతూ. తీసేసిన మామూలు చక్రం పక్కనే పడి ఉంది. దాని టైరులో రబ్బరన్నది లేదు, లోపలి గుడ్డ కూడా పీలికలైంది. ముందు చక్రం దగ్గర బావ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అరగదీయడమే అతని వృత్తి, ఎంత అరిగితే ఏది మిగులుతుందో వేలికి తెలుసు. బ్రేకు ఒరుసుకునే చోట రిమ్ము లోపలికి గుంటపడి, కాగితమంత పల్చనై, వేలితో నొక్కితే లొంగేలా ఉంది. ఆ రిమ్ము మీద మనిషి కూర్చుంటే ఆ క్షణానే చీలిపోవాలి.

"వచ్చారా," అన్న గొంతు విని లేచాడు. కుట్టుమిషనావిడ గుమ్మంలో నిలబడి, వేలు పెదవుల మీద పెట్టుకుంది. "పడుకున్నాడు. నెమ్మదిగా మాట్లాడండి."

ముందుగదిలో కూర్చున్నాడు. లోపలి గదికి తెర వేసి ఉంది. ఆవిడ మిషను దగ్గర కూర్చుని కుట్టు సాగించింది. పాతకాలపు మగ చొక్కా. చేతుల చివర అదే రంగు గుడ్డతో అతుకు వేస్తోంది. బావ చూపు ఆ అతుకు మీదే నిలిచింది. ఆవిడ గమనించింది.

"ఆయన కొలతలు నాకు నోటికొచ్చు. ముప్ఫై ఏళ్ళు కుట్టాను," అంది. "మారిపోయాయి. చేతులు నాలుగంగుళాలు పెరిగాయి. మెడ ముందుకొచ్చింది. నడుం పూర్తిగా నిలబడదు."

"అమ్మా," అన్నాడు బావ, బాగా గొంతు తగ్గించి. "ఆయనేనా?"

మిషను ఆగింది. ఆవిడ దారం పళ్ళతో తెంపి, చొక్కా ఎత్తి చేతుల పొడుగు చూసుకుంది.

"వచ్చిన రోజు గుమ్మంలో నిలబడి చాలాసేపు లోపలికి రాలేదు. కాళ్ళు తుడుచుకుని రమ్మన్నాను. తుడుచుకున్నాడు. మాట లేదు. అన్నం పెడితే కంచం ముందు కూర్చుంటాడు. చూస్తున్నాను బాబూ. ఇంకా చూస్తున్నాను." చొక్కా మడిచి మామూలు గొంతుతో, "ముందు రిమ్ము చూశారుగా. అలాంటిది ఎక్కడైనా దొరుకుతుందా? మీకు తెలియని చోటు ఉండదంటారు కదా," అంది.

"మళ్ళీ వెళ్తాడా?"

"వెళ్తే ఆ రిమ్ము మీద వెళ్ళకూడదు," అందావిడ.

ఇంటికొచ్చాక భార్య, "చూశారా?" అని అడిగింది. లేదన్నాడు. "ఉన్నాడా?" అంటే, చొక్కా సంగతి చెప్పాడు. ఆవిడ ఆ రాత్రి గళ్ళకాగితాలన్నీ దారంతో కట్టి అటక మీద పెట్టేసింది. చించడానికి చేతులు రాలేదంది.

బావ రిమ్ము కోసం వెతికాడు. అంత పట్టుదలగా తనకోసం ఏనాడూ వెతకలేదు. ముప్ఫై రెండు రంధ్రాలు, అదే కంపెనీ, అదే వెడల్పు, జిగురు టైరుకి పనికొచ్చేది. మూతపడిన సైకిలు షాపుల గోడౌన్లు ఎక్కి దిగాడు. మానేసిన పందెగాళ్ళ ఇళ్ళకి ఫోన్లు చేశాడు. నాలుగు నెలలకి, వానలు పట్టాక, ఒక ముసలాయన మంచం కింద కాగితం కూడా విప్పనిది దొరికింది. ఆయన నోటికొచ్చిన ధర చెప్పాడు. బావ మారుమాట్లాడకుండా తీసుకున్నాడు.

కుట్టుమిషనావిడ ముందు చక్రం బయటికి తెచ్చి ఇచ్చింది. అరుగు మీద కూర్చుని బావ అరిగిన రిమ్ము విప్పి, కొత్తదానికి స్పోకులు ఒక్కొక్కటే ఎక్కించి, కళ్ళజోళ్ళ పనివాడి ఓపికతో వంకర తీశాడు. మధ్యాహ్నమైంది. ఆవిడ చక్రం అందుకుని తెర పక్కకి జరిపి లోపలికి తీసుకెళ్ళి, వెంటనే ఒక్కతే బయటికొచ్చింది.

తెర వెనక ఎవరో చక్రాన్ని గిర్రున తిప్పారు. బావ చెవులకి ఆ చప్పుడు తెలుసు. కొత్తగా కట్టిన చక్రాన్ని ఇరుసు పట్టుకుని కంటికి ఎదురుగా ఎత్తి, రిమ్ము ఎక్కడైనా ఊగుతోందా అని చూసేవాడు అలాగే తిప్పుతాడు. చాలాసేపు తిరిగింది. క్రమంగా నిదానించి, ఆగింది. తరవాత లోపల ఏ అలికిడీ లేదు. ఆవిడ మాత్రం తెరవైపు తల వంచి, ఎవరో చెప్పేది పూర్తిగా వింటున్నట్టు నిలబడి, అప్పుడు ఇటు తిరిగింది.

"బాగా కుదిరిందంటున్నాడు," అంది.

బావ తల ఊపాడు. పనిముట్లు, పాత రిమ్ము సంచీలో సర్దుకుని లేచి చెప్పులు వేసుకున్నాడు. వాన సన్నగా మొదలైంది. ఆవిడ గుమ్మం దాకా వచ్చి, "మీ ఆవిణ్ణి అడిగానని చెప్పండి. జాకెట్లేమన్నా కుట్టాలంటే పంపమనండి," అంది.

"అలాగేనమ్మా," అని బావ సందులోకి దిగాడు.